గట్టిమేళం లేని పెళ్లి

మాంగల్యధారణ వేళ గట్టిమేళం ఎందుకో చెప్పనక్కర్లేదు. ఎవరి తుమ్మూ, ఎవరి నోటి అశుభపు మాటా ఆ క్షణాన చెవిన పడకూడదు. అలా పెరిగినదాన్ని. అందుకే పోయిన నెల మెదక్ చర్చిలో నా స్నేహితురాలి పెళ్లి చూస్తూ ఉలిక్కిపడ్డాను.

అయ్యగారు ఒక్కో ముక్కా అందిస్తుంటే, వరుడి కుడిచేయి పట్టుకుని ఆమె పలుకుతోంది. మేలుకైనా కీడుకైనా, కలిమికైనా లేమికైనా, వ్యాధిలో, ఆరోగ్యంలో, మరణం ఎడబాపేవరకూ. సరిగ్గా ముహూర్తం వేళ కీడు, లేమి, వ్యాధి, మరణం! పైగా మేళం లేదు, అందరికీ స్పష్టంగా వినబడుతోంది.

ఆమెకిది రెండో పెళ్లి. మొదటిసారి ఈ మాటలు ఇరవై మూడేళ్ల వయసులో అప్పజెప్పినట్టు చెప్పేసిందట. తర్వాత ఆయన కిడ్నీలు పాడయ్యాయి. నాలుగేళ్లు, వారానికి మూడుసార్లు డయాలసిస్. మంచం పక్కన కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దేది. మా స్టాఫ్‌రూంలో ఆమెది నా పక్క కుర్చీ, కాబట్టి గాజులు ఎప్పుడు అమ్మిందో కూడా నాకు తెలుసు. ఆ రోజు 'వ్యాధి' దగ్గర గొంతు ఆగిపోయింది. అయ్యగారు తొందరపెట్టలేదు. కాసేపటికి తనే అంది, ఈసారి గట్టిగా.

ఆ గుడి కట్టిందీ కరువు రోజుల్లోనే. మిషనరీ పాస్నెట్ దొర కూలికి బదులు తిండి పెట్టి పని చేయించాడని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ. ఆ గోడలు లేమి అన్న మాటకు జడుస్తాయా?

ప్రసంగానికి అయ్యగారు బైబిల్లోని రూతు గ్రంథం తీశారు. "నీవు వెళ్లు చోటికే నేను వచ్చెదను." పెళ్లి కార్డుల మీద వేసుకునే ఈ మాట రూతు అన్నది మొగుడితో కాదు, అత్తతో. భర్త పోయాక. ముందు వరసలో నా స్నేహితురాలి మొదటి అత్తగారు కూర్చుని ఉంది, కొత్త కోకలో. ఇకముందు కూడా ఆమె వీళ్లింట్లోనే ఉంటుందట. నేనిక కళ్లు తుడుచుకోవడం దాచుకోలేదు.

అప్పుడే నాకు జనకుడు గుర్తొచ్చాడు. "ఇయం సీతా మమ సుతా" అని చేయి అందిస్తూ ఆ తండ్రి ఏమన్నాడు? "ఛాయేవానుగతా సదా." నీడలా ఎప్పుడూ వెంట ఉంటుంది. మనం దాన్ని ముద్దుమాటగా వినేసి ఊరుకుంటాం. కానీ నీడ ఎప్పుడు పడుతుంది? ఎండ కాస్తేనే కదా! మిట్టమధ్యాహ్నం, నెత్తి మాడేవేళ, అది ముందుకూ పోదు, వెనకా ఉండదు, పాదాల కిందకే చేరుతుంది. పందిట్లో అన్న ఆ ఒక్క మాటలో దండకారణ్యం అప్పుడే ఉంది. అంటే కీడూ లేమీ మన మంత్రంలోనూ ఉన్నాయన్నమాట. మేళంలో మనకు వినబడటం లేదు, అంతే.

వినబడటానికి మనం వింటే గదా! పురోహితుడు "నాతిచరామి" అనిపిస్తుంటే పెళ్లికొడుకు కెమెరా వైపు చూస్తాడు. ధర్మంలో, అర్థంలో, కామంలో నిన్ను దాటిపోను అని ప్రమాణం చేస్తున్నాడురా బాబూ, గడ్డం కాస్త పైకెత్తమని ఫోటోగ్రాఫరు చెప్పడం అప్పుడేనా? మనం మాత్రం ఏం తక్కువ? అక్షింతలు విసిరేసి భోజనాల వరసకు పరుగు. చర్చిలో సాక్షిగా నిలబడ్డ మూడొందల మందిలో ఒక్కరూ కదల్లేదు. సాక్షులంటే వాళ్లు.

బయటికొచ్చాక ఆమెను అడిగాను, "భయం వెయ్యలేదా, మళ్లీ ఆ మాటలు అనడానికి?" అని.

"మొదటిసారి వెయ్యాల్సిందక్కా, అప్పుడు తెలియక వెయ్యలేదు" అంది.

వచ్చే వైశాఖంలో మా తమ్ముడి కూతురి పెళ్లి. పురోహితుడిగారికి ఫోన్ చేసి, కన్యాదానం దగ్గర జనకుడి శ్లోకం చదివి దాని అర్థం తెలుగులో, మైకులో చెప్పమన్నాను. సన్నాయి మేళం వాళ్లకు ఆ రెండు నిమిషాలు ఆగమని తమ్ముడు చెప్తానన్నాడు. వీడియోవాళ్ల సంగతి నేను చూసుకుంటాను.