అమ్మ ఎమ్మారై రిపోర్ట్ తెలుగులో చదువుకున్నాం

పోయిన నెల అమ్మకి నడుం నొప్పి ఎక్కువైతే ఎమ్మారై తీయించాం. రిపోర్ట్ శనివారం సాయంత్రం వాట్సాప్‌లో వచ్చింది, డాక్టర్ గారేమో సోమవారం గానీ దొరకరు. అందులో ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుం కింది వెన్నుపూసల మధ్య, డిస్క్ బల్జ్ అని ఉంది, పక్కింటి పిన్నిగారు చూసి డిస్క్ అంటే ఇంక ఆపరేషనే కదమ్మా అనేసరికి ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు.

నేను పేరు, ఐడీ నంబరు తీసేసి మిగతాదంతా ఒక ఏఐ యాప్‌లో పెట్టి తెలుగులో చెప్పమన్నా. వెన్నుపూసల మధ్య మెత్తలాంటిది కొంచెం ఉబ్బింది, అంతే అని బాగానే చెప్పింది. "అన్‌రిమార్కబుల్" అని చూసి తమ్ముడు కంగారు పడ్డాడు కానీ, అంటే తేడా ఏం లేదు, బాగుందని అర్థమట. కానీ చివర్లో నరం నొక్కుకుపోతోంది అని రాసింది! ఒరిజినల్ తీసి చూస్తే నరం మీద ఒత్తిడి లేదని స్పష్టంగా ఉంది. ఒక్క "లేదు" ఎగిరిపోతే అమ్మ పరిస్థితి ఏమయ్యేదో, తలుచుకుంటేనే భయమేసింది. అప్పట్నుంచి ప్రతి ఇంగ్లీష్ వాక్యం కిందే దాని తెలుగు రాయమంటున్నా, అలా అయితే తప్పు కంటికి కనపడుతుంది.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. 2024లో న్యూయార్క్‌లో ఎన్‌వైయూ లాంగోన్ అనే ఆసుపత్రి వాళ్ళు 50 డిశ్చార్జ్ సమ్మరీలని (పేషెంట్‌ని ఇంటికి పంపేటప్పుడు రాసిచ్చే కాగితాలని) జీపీటీ-4 అనే ఏఐతో తేలిక భాషలోకి మార్పించారు, పదకొండో క్లాసు స్థాయి ఇంగ్లీష్ ఆరో క్లాసుకి దిగింది, కానీ డాక్టర్లు చేసిన 100 రివ్యూల్లో 18 చోట్ల పేషెంట్‌కి ప్రమాదం కావచ్చని రాశారు, ఎక్కువగా ముఖ్యమైన విషయాలు వదిలేయడం వల్లే.

ఇంకోటి, నొప్పి అస్సలు లేనివాళ్ళ స్కాన్‌లు కలిపి చూసిన 2015 రివ్యూ ఒకటుంది, అందులో 60 ఏళ్ళవాళ్ళలో 69 శాతం మందికి డిస్క్ బల్జ్ కనిపించింది. అమ్మకి 61. ఈ మాట చెప్పాకే కాస్త పెరుగన్నం తింది.

ఆదివారం కూర్చుని తనే నోట్‌బుక్‌లో నాలుగు ప్రశ్నలు రాసుకుంది. సోమవారం డాక్టర్ గారు కాలు పైకెత్తి చూసి, ఆపరేషన్ అక్కర్లేదు, ఫిజియోథెరపీ చేయించుకోండి అన్నారు. మామూలుగా అయితే తలూపి లేచి వచ్చేసేది. ఈసారి నోట్‌బుక్ తీసి, "నరం మీద ఒత్తిడి లేదన్నారు కదా, మరి ఎడమ కాలు ఎందుకు తిమ్మిరెక్కుతోందండీ?" అని అడిగింది. ఆయన పెన్ను పక్కన పెట్టి మళ్ళీ ఫిల్మ్ లైట్ మీద పెట్టారు.