అడ్మిన్ బాధ్యతల నుంచి తప్పుకోవడం: నా అనుభవం

ఏళ్ల తరబడి చూసుకున్న ఒక ఆన్‌లైన్ గ్రూపు అడ్మిన్ పని నుంచి తప్పుకోవడానికి నాకు పూర్తిగా మూడు నెలలు పట్టింది. వీడ్కోలు మెసేజ్ రాయడానికి పట్టింది పది నిమిషాలే. మిగతా కాలమంతా నా పేరు మీద, నా ఫోన్ నంబర్ మీద, నా బుర్రలో ఉండిపోయినవాటిని ఒక్కొక్కటే బయటికి తీసి వేరేవాళ్ల చేతిలో పెట్టడానికే సరిపోయింది. జీతం లేని పని కదా, ఒక మాట చెప్పేసి వెళ్లిపోతే చాలనిపిస్తుంది. ఉద్యోగంలోనైతే మనం వెళ్లేటప్పుడు లాప్‌టాప్ వెనక్కి తీసుకోవడానికి, లాగిన్లు మూసేయడానికి ఎవరో ఒకరు ఉంటారు. వాలంటీర్లు నడిపే చోట ఆ పని కూడా వెళ్లేవాళ్లే చేసుకోవాలి.

మాకు టెలిగ్రామ్‌లో ఒక పెద్ద గ్రూపు, దాని పక్కనే డిస్కార్డ్ యాప్‌లో ఒక సర్వర్ (అక్కడ గ్రూపుని అలా అంటారు), ఒక బాట్ (గ్రూపు పనులు తనంతట తానే చేసే ప్రోగ్రామ్), ఒక డొమైన్ (వెబ్‌సైట్ పేరు), గూగుల్ డ్రైవ్‌లో ఫైళ్లు ఉన్నాయి. మీది వేరే యాప్ అయినా పని ఇదే, నొక్కాల్సిన బటన్లే మారతాయి.

మొదట ఒక షీట్ తెరిచాను. వస్తువు ఏమిటి, ఎవరి ఖాతా మీద ఉంది, లాగిన్ ఈమెయిల్ ఏది, ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుంది, రికవరీ ఈమెయిల్ ఎవరిది, డబ్బు ఏ కార్డు నుంచి కట్ అవుతుంది, రెన్యూవల్ ఎప్పుడు అని ఏడు కాలమ్స్ పెట్టాను. వీటన్నిటిలో ఓటీపీ కాలమే ముఖ్యం. పాస్‌వర్డ్ ఇచ్చేశాం కదా, అయిపోయిందనుకుంటాం. రెండు నెలల తర్వాత కొత్తవాళ్లు కొత్త ఫోన్‌లో లాగిన్ అవ్వబోతే కోడ్ మన నంబర్‌కి వస్తుంది. ఆ సమయానికి మనం విమానంలో ఉంటే అక్కడ పని ఆగిపోతుంది.

కూర్చుని గుర్తు చేసుకుంటే షీట్ సగమే నిండుతుంది. అందుకే రెండు వారాల పాటు గ్రూపు కోసం ఏ చిన్న పని చేసినా అప్పటికప్పుడు ఒక వరుస రాశాను. తర్వాత మెయిల్‌లో రెన్యూవల్, ఇన్‌వాయిస్, రసీదు అనే మాటలు పెట్టి వెతికాను. పాస్‌వర్డ్ మేనేజర్‌ని పైనుంచి కిందిదాకా చదివాను. సాధారణంగా తప్పిపోయేవి చిన్నవే: లోగో అసలు డిజైన్ ఫైలు, స్టిక్కర్ ప్యాక్, చేరిక ఫారంలోని జవాబులు వచ్చి పడే షీట్, ఎప్పుడో చేసిన షార్ట్ లింక్, వీడియో మీటింగ్ ఖాతా. ఫారం, దాని జవాబుల షీట్ డ్రైవ్‌లో రెండు వేర్వేరు ఫైళ్లు. ఫారం మాత్రమే ఇచ్చి షీట్ మరచిపోవడం చాలామందికి జరిగేదే.

ఇక మనుషుల సంగతి. నేనొక్కడినే చేస్తున్న పనిని విడదీసి చూస్తే అది మూడు పనులని తేలింది: రోజూ మెసేజ్‌లు చూసి తీసేయాల్సినవి తీసేయడం, గొడవలు తేల్చడం, సాంకేతిక పనులు. ఈ మూడూ ఒకే మనిషి నెత్తిన మళ్లీ పెడితే ఏడాది తిరగకముందే వాళ్లూ అలసిపోతారు. అందుకే ముగ్గురిని అడిగాను. ఎక్కువ మాట్లాడేవాళ్లను కాకుండా, ఎవరైనా విసురుగా అన్నప్పుడు కూడా నెమ్మదిగా జవాబిచ్చేవాళ్లను ఎంచుకున్నాను. గ్రూపులో అందరి ముందూ అడగలేదు, అలా అడిగితే కాదనడం కష్టం. విడిగా అడిగి, వారానికి ఎన్ని గంటలు పడుతుందో ఉన్నదున్నట్టు చెప్పి, ఆరు నెలలకే ఒప్పుకోమన్నాను. గడువు ఉంటే ఒప్పుకోవడం తేలిక, తర్వాత వాళ్లు తప్పుకోవడమూ తేలిక.

'నాకివ్వండి, నేను చూసుకుంటా' అని తనంతట తానే వచ్చినవాళ్లకు వెంటనే అప్పగించకూడదని నా గట్టి అభిప్రాయం. దీనికి 2018లో జరిగిన ఈవెంట్-స్ట్రీమ్ సంగతి గుర్తుంచుకోవాలి. అది ఎంతోమంది ప్రోగ్రామర్లు వాడే చిన్న ఓపెన్ సోర్స్ ప్యాకేజీ, అంటే ఎవరైనా ఉచితంగా తీసుకుని తమ ప్రోగ్రామ్‌లో కలుపుకోగల కోడ్. దాన్ని రాసినాయన వాడటం మానేశాక, సాయం చేస్తానని వచ్చిన ఒక అపరిచితుడికి హక్కులు ఇచ్చేశాడు. కొత్త మనిషి అందులోకి ఇంకో ప్యాకేజీని జొప్పించాడు, దాని ద్వారా ఒక బిట్‌కాయిన్ వాలెట్ వాడేవాళ్ల డబ్బు కొట్టేసే కోడ్ నడిచింది. పాతాయన దురుద్దేశంతో ఏమీ చేయలేదు, దాని మీద ఆసక్తి పోయిందంతే. ఆసక్తి పోకముందే, అలసట ముదరకముందే వారసులను వెతకాలనడం ఇందుకే. చిన్న హక్కులు ముందు ఇచ్చి, కొన్ని వారాలు చూసి, పెద్దవి తర్వాత ఇవ్వాలి.

అదే 2018 జులైలో పైథాన్ ప్రోగ్రామింగ్ భాషను పుట్టించిన గీడో వాన్ రోసమ్ కూడా తప్పుకున్నారు. ఆయన వారసుడిని ప్రకటించలేదు, ఎలా నడుపుకోవాలో మీరే తేల్చుకోండని ప్రధాన డెవలపర్లకు వదిలేశారు. వాళ్లు నెలల తరబడి చర్చించి, ఓటేసి, అయిదుగురితో స్టీరింగ్ కౌన్సిల్ పెట్టుకున్నారు, 2019 ఆరంభంలో మొదటి కౌన్సిల్ ఎన్నికైంది. అంత ఓపిక, అనుభవం ఉన్న డెవలపర్లు ఉన్నారు కాబట్టి అది సాగింది. చిన్న గ్రూపులో ఆ ఖాళీ నెలల్లోనే మనుషులు చెల్లాచెదురైపోతారు. అందుకే మావాళ్ల విషయంలో ముందే పేర్లు తేల్చాను.

తర్వాత ఆరు వారాలు జంటగా పని చేశాం. మొదటి రెండు వారాలు నేను చేస్తుంటే వాళ్లు చూశారు. తర్వాతి రెండు వారాలు వాళ్లు చేస్తుంటే నేను చూశాను. చివరి రెండు వారాలు నేను అసలు తెరవలేదు. మధ్య రెండు వారాలే అన్నిటికంటే కష్టం. గొడవ మొదలవగానే చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోతుంది. ఒక్కసారి మనం దూరి తీర్పు చెప్పామా, సభ్యులందరూ కొత్తవాళ్లను దాటి మళ్లీ మన దగ్గరికే వస్తారు. ఎవరికైనా హాని జరిగే విషయమైతే తప్ప ఒక రోజు ఆగాలి అని నియమం పెట్టుకున్నాను. ఆగిన ప్రతిసారీ వాళ్లే తేల్చేశారు. రెండుసార్లు నేను తేల్చి ఉండేదానికంటే మెరుగ్గా తేల్చారు.

షీట్‌లో పట్టనిది ఒకటుంది: పాత నిర్ణయాల వెనక కారణాలు. అడ్మిన్లు ఏమేం చేశారో చూపే జాబితా టెలిగ్రామ్‌లో (రీసెంట్ యాక్షన్స్) 48 గంటలే ఉంటుంది, డిస్కార్డ్‌లో (ఆడిట్ లాగ్) 45 రోజులు. అంతకు ముందు ఎవరిని ఎందుకు బ్యాన్ చేశామో యాప్ చెప్పదు, మన జ్ఞాపకమే చెప్పాలి. అందుకని 'పాత కేసులు' అని ఒక ఫైలు రాశాను. ఒక్కో కేసుకి నాలుగైదు వాక్యాలు మించలేదు. ఒకటి ఇలా ఉంది: "అమ్మకాల పోస్ట్. సభ్యుడు తన పాత వస్తువు అమ్ముతానని పెట్టాడు. నియమం ప్రకారం తీసేశాం, బ్యాన్ చేయలేదు. వ్యాపారం కాదు, ఒక్కసారే. అదే మనిషి మూడోసారి పెడితే వారం మ్యూట్. కారణం: మొదటిసారి తెలియక, రెండోసారి మరచిపోయి, మూడోసారి తెలిసే." నియమం ఒక్క లైనే, దాన్ని ఎలా వాడామన్నది ఇలాంటి కేసుల్లోనే కనిపిస్తుంది. ఇలాంటివి నలభై దాకా రాశాను, కొత్తవాళ్లకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదేనని వాళ్లే అన్నారు.

ఈ ఫైల్లో పేర్లు పెట్టలేదు. సభ్యులు మనల్ని నమ్మి విడిగా చెప్పుకున్న సంగతులు మనవి, పదవివి కావు. వేధింపు ఫిర్యాదు ఇంకా నడుస్తుంటే ఫిర్యాదు చేసినవాళ్లను అడిగి, వాళ్లు సరేనంటేనే కొత్తవాళ్లకు చెప్పాలి.

ఇప్పుడు తాళాలు చేతులు మారే పని. ఇందులో తొందరపడితే ఇరుక్కుంటాం, ఎందుకంటే చాలా చోట్ల ఎదురుచూడాల్సిన గడువులు ఉంటాయి. టెలిగ్రామ్‌లో ఓనర్‌షిప్ ఇవ్వాలంటే మన ఖాతాకి టూ-స్టెప్ వెరిఫికేషన్ (కోడ్‌తో పాటు అడిగే అదనపు పాస్‌వర్డ్) పెట్టి కనీసం 7 రోజులు గడవాలి, ఆ ఫోన్‌లో లాగిన్ అయి 24 గంటలు దాటాలి. తీసుకునేవాళ్లను ముందు అడ్మిన్‌గా చేసి, కొత్త అడ్మిన్లను చేర్చే హక్కుతో సహా అన్నీ ఆన్ చేస్తే, కింద ఓనర్‌షిప్ బదిలీ చేసే బటన్ కనిపిస్తుంది. 'అందరూ అడ్మిన్లే కదా, ఓనర్ ఎవరైతే ఏం' అనుకోవద్దు. మామూలు అడ్మిన్ తాను నియమించిన అడ్మిన్లనే తీసేయగలరు, ఓనర్ మాత్రమే అందరినీ తీసేయగలరు. రేపు ఒక అడ్మిన్ ఖాతా హ్యాక్ అయితే ఆ తేడా ఏమిటో తెలుస్తుంది. బదిలీ అయ్యాక కూడా మనం అడ్మిన్‌గానే మిగిలిపోతాం, అది కొత్త ఓనర్‌తో విడిగా తీయించుకోవాలి.

డిస్కార్డ్‌లో ఓనర్ తన సర్వర్‌ని ఊరికే వదిలి వెళ్లలేరు, బదిలీ అయినా చేయాలి, డిలీట్ అయినా చేయాలి. అక్కడ తప్పు జరిగేది రోల్స్ (సభ్యులకు హక్కులిచ్చే హోదాలు) వరుసలో. బాట్ తనకంటే కింద ఉన్న రోల్స్‌నే ఇవ్వగలదు. కొత్త బృందానికి రోల్స్ తయారుచేసి బాట్ రోల్ పైన పెట్టేస్తే, మర్నాటి నుంచి కొత్త సభ్యులకు రోల్స్ వెళ్తున్నా బృందంలో చేరేవాళ్లకు మాత్రం వెళ్లవు. ఎందుకో ఎవరికీ అర్థం కాదు. బాట్ రోల్‌ని అది పంచాల్సిన రోల్స్ అన్నిటికీ పైన ఉంచి, బాట్‌కి అవసరం లేని హక్కులు తీసేస్తే సరిపోతుంది.

బాట్ దగ్గర మాకు అరగంట పోయింది. టెలిగ్రామ్ బాట్‌ని బాట్‌ఫాదర్‌లో (బాట్లను తయారుచేసి నిర్వహించే టెలిగ్రామ్ సొంత బాట్) వేరొకరి పేరు మీదికి మార్చవచ్చు. మార్చాక కొత్త మనిషి తన సర్వర్ కంప్యూటర్‌లో బాట్ నడిపితే 409 కాన్‌ఫ్లిక్ట్ అనే ఎర్రర్ వస్తూనే ఉంది. కారణం సింపుల్. నా పాత కంప్యూటర్‌లో అదే టోకెన్‌తో (బాట్‌ని నడిపే రహస్య కోడ్) ఇంకో కాపీ నడుస్తోంది. ఒకే టోకెన్‌తో రెండు చోట్ల మెసేజ్‌లు లాగడాన్ని టెలిగ్రామ్ ఒప్పుకోదు. సరైన వరుస ఇది: పాతది ఆపాలి, యాజమాన్యం మార్చాలి, పాత టోకెన్ రద్దు చేసి కొత్తది తీయాలి, అప్పుడు కొత్త సర్వర్‌లో మొదలుపెట్టాలి. టోకెన్ రద్దు చేయడం మాత్రం మానొద్దు. నా పాత బ్యాకప్‌లలో ఎక్కడో ఆ టోకెన్ ఉండే ఉంటుంది.

డ్రైవ్ ఫైళ్లలో మామూలు ఖాతాలైతే ఓనర్‌షిప్ పంపాక అవతలివాళ్లు ఒప్పుకుంటేనే మారుతుంది. పంపి వదిలేస్తే పెండింగ్‌లోనే ఉంటుంది. ఉమ్మడి జీమెయిల్ ఖాతా ఉంటే దానికి కొత్త ఫోన్ నంబర్, రికవరీ ఈమెయిల్ పెట్టించి, పాత బ్యాకప్ కోడ్‌లు (ఫోన్ లేనప్పుడు ఓటీపీ బదులు వాడేవి) రద్దు చేసి కొత్తగా పది తీయించాలి. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది, కాబట్టి ఇద్దరి దగ్గర ఉంచుకోవడం మంచిది. ఆ ఖాతాలోకి రెండేళ్లు ఎవరూ వెళ్లకపోతే గూగుల్ తీసేసే అవకాశం ఉంది, అందుకని షీట్‌లో ఆరు నెలలకోసారి లాగిన్ అవ్వమని రాసి పెట్టాను.

డొమైన్‌ని అన్నిటికంటే ముందు మొదలుపెట్టాలి. ఒక రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే కంపెనీ) నుంచి ఇంకోదానికి మార్చాక సాధారణంగా 60 రోజులు మళ్లీ మార్చనివ్వరు, యజమాని వివరాలు మార్చినా ఆ తాళం పడవచ్చు. అందుకే అదే రిజిస్ట్రార్ దగ్గర కొత్తవాళ్లతో ఖాతా తెరిపించి అందులోకి నెట్టించాను. రోజులో పనైపోయింది, డీఎన్ఎస్ (ఆ పేరు ఏ సర్వర్‌కి తీసుకెళ్లాలో చెప్పే అమరికలు) కదలలేదు. కార్డు వివరాలు మార్చించాకే నా కార్డు తీసేశాను. ముందు తీసేస్తే రెన్యూవల్ తప్పిపోయి డొమైన్ చేజారుతుంది.

ప్రకటన చివర్లో పెట్టాను, అన్నీ చేతులు మారాక. ముందే చెబితే ఆ మధ్య కాలమంతా 'ఎందుకు వెళ్తున్నారు, ఏమైంది' అన్న చర్చే నడుస్తుంది. రాసింది ఇంతే: "ఈ నెల 30 నుంచి నేను అడ్మిన్‌గా ఉండను. ఇకపై ఈ ముగ్గురు చూసుకుంటారు. ఓనర్‌షిప్, బాట్, డొమైన్ అన్నీ ఇప్పటికే వాళ్ల దగ్గరున్నాయి. ఫిర్యాదులు, సందేహాలు వాళ్లకే పంపండి. ఇన్నాళ్లూ నన్ను నమ్మినందుకు అందరికీ కృతజ్ఞతలు." తేదీ కచ్చితంగా ఉండాలి. 'త్వరలో' అంటే ఆ త్వరలో ఎప్పటికీ రాదు. పాత గొడవల ప్రస్తావన ఒక్క ముక్క కూడా పెట్టకూడదు, వాటికి జవాబు చెప్పుకోవాల్సింది కొత్తవాళ్లే అవుతారు.

ఆ తర్వాత నెల రోజులు గ్రూపుని మ్యూట్‌లో పెట్టాను. అయినా విడిగా మెసేజ్‌లు వచ్చాయి: "అన్నా, నా పోస్ట్ తీసేశారు, మీరైతే తీసేవాళ్లు కాదు." అందరికీ ఒకటే జవాబు పంపాను, ఇప్పుడు ఆ నిర్ణయం వాళ్లది, వాళ్లనే అడగండి అని. కొత్త బృందం అడిగినప్పుడు ఆ ఫైలు ఎక్కడుంది, ఆ పాస్‌వర్డ్ ఏది అన్నవాటికి వెంటనే చెప్పాను. ఏం చేయమంటారు అన్నవాటికి మాత్రం పాత కేసుల ఫైలు చూడమన్నాను.

నెల చివర షీట్ మళ్లీ తెరిచి, నా నంబర్, నా ఈమెయిల్, నా కార్డు ఏ వరుసలోనూ లేవని చూసుకున్నాను. నా కంప్యూటర్‌లో మిగిలిన సభ్యుల జాబితా, పాస్‌వర్డ్‌ల కాపీ, పాత ఫిర్యాదుల స్క్రీన్‌షాట్లు తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. చివరికి ఆ షీట్ ఓనర్‌షిప్ కూడా వాళ్లకు పంపాను. మర్నాడు పొద్దున వాళ్లు ఒప్పుకున్నట్టు మెయిల్ వచ్చింది.