లడ్డూ తోక

ఇవాళ ఉగ్గాణి ఎన్నాళ్లకో సరిగ్గా కుదిరింది, దాని గురించే రాద్దామనుకున్నా. రాత్రి తొమ్మిదింటికి పెద్దోడి వీడియో కాల్ వచ్చి మనసంతా చెడింది.

లడ్డూ తెలుసుగా, టెక్సాస్‌లో మనవరాలి లెపర్డ్ గెకో. డబ్బిచ్చి మరీ బల్లిని తెచ్చుకున్నారని ఉగాదప్పుడు ఇక్కడే తిట్టిపోశాను. ఇవాళ అది పిండి పూసినట్టు తెల్లగా ఉంది. పసుపుపచ్చ ఒళ్లు, నల్ల చుక్కలు ఏవీ సరిగ్గా కనబడట్లేదు. "కుబుసం విడుస్తోంది అవ్వా, తర్వాత దాన్ని అదే తినేస్తుంది" అంది పిల్ల. సరే, తిననీ. తోకైతే బొద్దుగానే ఉంది. ఆ జాతి బల్లికి కొవ్వంతా తోకలోనే దాగుతుందట, సరిగ్గా తినకపోతే సన్నబడేది తోకే.

కానీ తోక కొసన గోరంత నలుపు. దానికి పైన సన్నటి తెల్ల ఉంగరం. "ఒరే, అదేందిరా?" అన్నా. "రంగు మారుతోందిలే మా, నార్మల్" అన్నాడు, ఫోన్ వైపు చూడకుండానే. వాడికన్నీ నార్మలే. వాడి దగ్గు నార్మల్, పిల్ల చిక్కిపోవడం నార్మల్, మూడు వారాలు ఫోన్ చేయకపోవడం కూడా నార్మలే. పక్కనుంచి ఈయన: "బల్లి తోకకి అంత టెన్షన్ దేనికే?" పోయిన ఎండాకాలం బూజు దులుపుతూ మన ట్యూబ్‌లైట్ బల్లి తోక పొరకతో ఊడగొట్టింది ఎవరో!

ఆ తెల్ల ఉంగరం చూస్తే పాత సంగతి గుర్తొచ్చింది. అప్పుడు పెద్దోడికి మూడో నెల. గుల్జార్‌పేట అద్దె ఇల్లు, చలికాలం, మా అమ్మ అల్లిన ఉన్ని మేజోళ్లు. రాత్రంతా ఒకటే ఏడుపు. కడుపునొప్పేమోనని మా అత్త వాము నీళ్లు పట్టింది. తెల్లారి మేజోడు లాగితే బొటనవేలి పక్క వేలు వంకాయ రంగులో ఉంది. చుట్టూ ఉన్ని పోగు, కంటికి ఆననంత సన్నంగా, చర్మంలోకి దిగిపోయి. బ్లేడు పట్టుకున్న చెయ్యి వణికింది, అయినా కోశా. ఇంకో పూట ఆగితే వేలు దక్కేది కాదన్నాడు డాక్టరు. ఆ వేలికి ఇప్పటికీ చిన్న నొక్కుంది. అదెందుకో వాడికి చెప్పనే లేదు.

బల్లిని పెంచడమేందని ఇంకో విడత తిడదామనే కూర్చున్నా. ఇప్పుడా మాటలు రావట్లేదు. కుబుసం పూర్తిగా ఊడకపోతే ఆ మిగిలిన ఉంగరం కూడా అట్లాగే బిగుసుకుంటుంది. నెత్తురు ఆడక కొస ఎండి రాలిపోతుంది.

టార్చి వేసి మన బల్లిని చూశా. పగలు క్యాలెండర్ వెనక బూడిద రంగులో ఉండేది, రాత్రికి పాలిపోయి కనిపిస్తుంది. కొత్త తోక మొద్దుగా, పాత మచ్చల్లేకుండా ఉంది. లోపల ఎముక కూడా ఉండదట, మెత్తటి మృదులాస్థేనట. లడ్డూకైనా తోక పోతే మళ్లీ వస్తుంది. నేనే అతి చేస్తున్నానేమో.

అయినా పదకొండుకి మెసేజ్ పెట్టా: "గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, తడి దూదితో మెల్లగా తుడవండి. గట్టిగా లాగొద్దు. రాకపోతే డాక్టరుకి చూపించు."

చూశాడు. బొటనవేలి బొమ్మ ఒకటి పంపాడు. నీళ్లలో పెట్టాడో లేదో చెప్పలేదు.