ఎర్మేతిక పాటలు తెలుగులో రాసుకున్నాను

ప్రాజెక్ట్ పని మీద అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో ఏడాదిన్నర ఉన్నాను. అక్కడ ఉండగా పట్టుబట్టి చేసిన పని ఒకటే: 'ఆసిదో అర్హెంతీనో' అనే ఆల్బమ్‌లోని పాటలన్నీ తెలుగులో రాసుకోవడం. 1991లో వచ్చిన థ్రాష్ మెటల్ (వేగంగా, హోరెత్తించే రాక్ సంగీతం) ఆల్బమ్ అది, బ్యాండ్ పేరు ఎర్మేతిక. పాటలు రాసి బేస్ గిటార్ వాయించింది రికార్దో యోరియో, పాడింది క్లాదియో ఓకానర్. ఆఫీసులో ఒకతను వినమని ఇచ్చాడు. గిటార్ జోరు మొదటిసారికే పట్టేసింది. కానీ ఆ మనిషి గొంతు చించుకుని ఎవరి మీద కోప్పడుతున్నాడో తెలియకుండా వినడం నావల్ల కాలేదు.

అప్పటికి స్పానిష్ రెండు లెవెల్స్ పూర్తయ్యాయి. ఆ ధైర్యంతో నోట్‌బుక్ తీశాను. వారం తిరక్కుండానే ధైర్యం పోయింది. నేను నేర్చుకున్నది స్పెయిన్ స్పానిష్. ఇక్కడ 'నువ్వు' అనడానికి 'తూ' అనరు, 'వోస్' అంటారు. దాంతో క్రియలూ మారిపోతాయి. దాని మీద లున్‌ఫార్దో ఒకటి. ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ల మాటలు కలిసిన వీధి భాష అది. పనిని నేను 'త్రబాహో' అని నేర్చుకుంటే వీళ్లకది 'లబూరో'. కొన్ని మాటల్ని తిరగేసి కూడా పలుకుతారు, టాంగో కాస్తా 'గొతాన్' అవుతుంది. చిన్నప్పుడు మనం మాట్లాడుకున్న 'క' భాష లాంటిదే, కాకపోతే ఇక్కడ పెద్దవాళ్లే మాట్లాడతారు.

నన్ను గట్టెక్కించింది కింది వాటాలో ఉండే బస్సు డ్రైవరు. ఆయన మెటల్ వినడు. కాగితం మీద రాసి చూపిస్తే మాత్రం కళ్లజోడు పెట్టుకుని చదివేవాడు. 'ఎవితాందో ఎల్ అబ్లాందె' అనే పాట ఉంది. యోరియో తన పాత బ్యాండ్ వీ8 రోజులు తలుచుకుంటూ రాసింది. డిక్షనరీ చూసి 'మెత్తబడకుండా' అని రాశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. కొత్త బండిని మొదట్లో కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా తోలతారే, అదీ 'అబ్లాందె' అన్నాడు. అప్పుడు మా తాతయ్య కోడెదూడని కాడికి అలవాటు చేయడం గుర్తొచ్చింది. కొట్టేసి 'కాడికి అలవాటు పడకుండా' అని రాశాను. ఆ రాత్రి పాట మళ్లీ పెట్టుకుంటే కొత్తగా వినిపించింది.

'దెల్ కొలింబ' దగ్గర ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కొలింబ అంటే తప్పనిసరి సైనిక సేవ, అందులో చేరిన కుర్రాడు కూడా. స్పానిష్‌లో పరిగెత్తు, శుభ్రం చెయ్యి, ఊడువు అనే మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిందని చెప్పుకుంటారు. గుర్తింపు కార్డులోని చివరి మూడు అంకెల మీద లాటరీ తీసి ఎవరెక్కడికి వెళ్లాలో తేల్చేవారు. చిన్న నంబరు వస్తే బతికిపోయినట్టు, బాగా పెద్దదొస్తే నేవీ. ఈయన 1962లో పుట్టాడు, వచ్చిన నంబరు 41. స్కూల్లో పక్కన కూర్చునే స్నేహితుడికి తొమ్మిది వందల పైన వచ్చింది. 1982 మే 2న, బ్రిటన్‌తో జరిగిన మాల్వినాస్ (ఫాక్‌లాండ్ దీవుల) యుద్ధంలో మునిగిపోయిన హెనెరాల్ బెల్‌గ్రానో ఓడలో అతనున్నాడు. ఆ ఓడలో 323 మంది చనిపోయారు. ఈ మాటకి తెలుగు వెతకలేదు, కొలింబ అనే ఉంచేశాను.

మిగతా పాటలు నెమ్మదిగా కదిలాయి. నన్ను ఎక్కువ ఏడిపించింది 'హిల్ త్రబహదోర్'. రెండో మాట తేలిక, కార్మికుడు. 'హిల్' అంటే సులువుగా మోసపోయేవాడు. 'వెర్రిబాగులవాడు' అంటే వెక్కిరింపు అవుతుంది, 'అమాయకుడు' అంటే జాలి. పాటలో ఈ రెండూ కాదు. ఆల్బమ్‌కి రెండేళ్ల ముందు, 1989లో, అక్కడ ధరలు ఏడాదిలో 3000 శాతం పైగా పెరిగాయి. జీతం చేతికి రాగానే కొట్టుకి పరిగెత్తేవాళ్లమని, పొద్దున్న ఉన్న ధర సాయంత్రం ఉండేది కాదని డ్రైవరు చెప్పాడు. అలాంటి రోజుల్లోనూ షిఫ్టు తప్పకుండా వెళ్లిన మనిషిని ఏమని పిలవాలి?

ఆగస్టు 7న ఆయన నన్ను లినియెర్స్‌కి తీసుకెళ్లాడు. ఆల్బమ్‌లో ఆ పేట వీధుల మీదా ఒక పాట ఉంది. ఓన్సె స్టేషన్‌లో రైలెక్కాం. అక్కడి సాన్ కయెతానో చర్చికి ఆ రోజు తిండీ పనీ ఇప్పించమని వేడుకోవడానికి జనం వస్తారు. వీధుల పొడుగునా క్యూ, చేతుల్లో గోధుమ వెన్నులు. ఆయన తన కొడుకు ఉద్యోగం కోసం నిలబడ్డాడు. ముందున్న ముసలాయన ఎన్నో ఏళ్లుగా వస్తున్నానని, ఈసారి తప్పకుండా దొరుకుతుందని చెబుతున్నాడు. మా డ్రైవరు ఆయన భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా, తనలో తను అనుకుంటున్నట్టే అన్నాడు: "హిల్..."

ఆ రాత్రి పాత మాటలన్నీ కొట్టేసి, పాట పేరుగా 'కష్టపడే పిచ్చి నాయనా' అని రాసుకున్నాను.