తాగని మనిషికి లివర్ క్యాన్సర్

లివర్‌లో గడ్డ ఉందని తెలిశాక చూడ్డానికొచ్చిన వాళ్లందరూ నా భార్యను పక్కకు పిలిచి ఒకటే అడిగేవాళ్లు: "తాగుతాడా?" నేను జన్మలో చుక్క ముట్టలేదు. జబ్బు కంటే ఆ మాటకే ఆమె ఎక్కువ ఏడ్చింది.

మాది అనంతపురం దగ్గర పల్లె. కుడి డొక్కలో బరువు, అన్నం సయించదు, మనిషిని చిక్కిపోయాను. టౌన్లో స్కానింగ్ తీస్తే గడ్డ కనబడింది, రక్తంలో ఏఎఫ్‌పీ, అంటే లివర్ క్యాన్సర్ ఉంటే పెరిగే ఒక ప్రొటీన్, బాగా పెరిగి ఉంది. బెంగళూరులో చేసిన పరీక్షల్లో హెపటైటిస్ బి అనే లివర్ వైరస్ బయటపడింది.

మా పెద్దమామ కడుపులో నీళ్లు చేరి పోయాడు. చిన్నమామదీ లివర్ జబ్బే. "మీ అమ్మోళ్ల వంశంలోనే ఉందప్పా" అనేవాళ్లు ఊళ్లో. డాక్టరమ్మ కాగితం మీద గీసి చూపించింది. వంశంలో దిగింది జీను కాదు, వైరస్. కాన్పులో తల్లి నుంచి బిడ్డకు అంటుతుంది. పుట్టినప్పుడే అంటితే నూటికి తొంభై మందిలో జీవితాంతం ఉండిపోతుంది. ఏళ్ల తరబడి ఏ బాధా పెట్టకుండా ఉండి, ఒక్కోసారి లివర్ గట్టిపడకముందే క్యాన్సర్ తెస్తుంది. అమ్మకూ పాజిటివ్ వచ్చింది. "నా కడుపున పుట్టినందుకా నాయనా" అని కుమిలిపోయింది. "మా అవ్వకు ఎవరిచ్చినారో ఎవరికి తెలుసు, ఊరుకోమ్మా" అన్నాను.

తర్వాత డాక్టరమ్మ ఏం పంట వేస్తారని అడిగింది. శెనక్కాయ, అంటే వేరుశనగ అన్నాను. మా దగ్గర మంచి గింజ మార్కెట్టుకు పోతుంది, ముడత గింజ ఇంట్లో మిగులుతుంది. ఊరిబిండికైనా, పొడికైనా అదే. కాయ ఊరేటప్పుడు బెట్ట పడితే భూమిలోనే బూజు పడుతుంది, పీకిన కుప్ప వానకు తడిస్తే మరీ ఎక్కువ. పసుపూ ఆకుపచ్చా కలిసిన పొడిలా ఉండే ఆ బూజు అఫ్లటాక్సిన్ అనే విషం చేస్తుంది. వేయించినా అది పూర్తిగా పోదు. 1960లో ఇంగ్లండులో అలాంటి వేరుశనగ చెక్క, అంటే నూనె తీశాక మిగిలిన పిండి, మేసి లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చాకే లోకానికి తెలిసిందట. మా ఆవులకు పెట్టేదీ ఆ చెక్కే.

కణం అదుపు తప్పకుండా కాపలా కాసే పీ53 జీనును ఈ విషం దెబ్బతీస్తుంది. పుట్టుకతో బాగున్న జీనే, తిండి వల్ల పాడవుతుంది. వైరస్, ఈ విషం రెండూ ఒకే ఒంట్లో ఉంటే ముప్పు కూడిక కాదు, హెచ్చవేత. నా గడ్డలో బూజు వాటా ఎంతో తేల్చలేమంది డాక్టరమ్మ.

గడ్డ ఒక్కటే, రక్తనాళాల్లోకి పాకలేదు. అందుకే ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేశారు. మిగిలిన లివర్ పెరిగింది. మళ్లీ సంగటి ముద్ద తృప్తిగా తిన్నరోజు నాకు పండగే. వైరస్‌ను అణచిపెట్టే టెనోఫోవిర్ మాత్ర రోజూ వేసుకుంటున్నాను, స్కానింగూ ఏఎఫ్‌పీ మానలేదు. నా భార్య చేటలో గింజలు పోసుకుని, ముడత పడిందీ రంగు మారిందీ ఒక్కొక్కటే ఏరి పారేస్తుంది, కోళ్లకు కూడా వేయదు.

ఇంటిల్లిపాదికీ రక్తపరీక్ష చేయించాను. చెల్లెలికి, ఆమె కూతురికి పాజిటివ్. కూతురు అప్పటికే నిండు గర్భిణి. కాన్పు కాగానే, ఇరవై నాలుగు గంటలు దాటకుండా బిడ్డకు హెపటైటిస్ బి టీకా, దాంతోపాటు వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలుండే ఇమ్యునోగ్లోబులిన్ సూది వేయించాం. మిగతా డోసులూ తప్పనివ్వలేదు. బిడ్డకు ఏడాది లోపల రక్తపరీక్ష చేశారు. నెగటివ్. ఆ కాగితం అమ్మకు నేనే చదివి వినిపించాను.