ఫెడరల్ కోర్టు పై మెట్టు కాదు

డల్లాస్ ఉత్తర శివార్లలోని ఒక చిన్న లా ఆఫీసులో పారాలీగల్‌గా పనిచేస్తున్నాను. నేను లాయరును కాను కాబట్టి ఇక్కడ రాసేది ఎవరి కేసుకూ సలహా కాదు. అయితే మా ఆఫీసుకు వచ్చే తెలుగువాళ్లలో, పిల్లల కస్టడీ తీర్పు తమకు వ్యతిరేకంగా వచ్చినవాళ్లు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈ జడ్జి మాకు అన్యాయం చేశాడండీ, ఫెడరల్ కోర్టుకు వెళితే ఎలా ఉంటుంది?" దానికి ఒక్క మాటలో జవాబు చెప్పలేక ప్రతిసారీ అరగంట మాట్లాడుతున్నాను. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

ఆమధ్య ఒకాయన వచ్చారు. ఆయనను గుర్తుపట్టే వివరాలన్నీ మార్చేశాను. చేతిలో విడాకుల డిక్రీ, దాని మీద ఫెడరల్ కోర్టులో దావా వేసేటప్పుడు ముందు పేజీగా పెట్టే జేఎస్ 44 ఫారం. ఫారాన్ని ఆయనే నింపుకున్నారు. అధికార పరిధికి ఆధారం ఏమిటని అడిగే చోట నాలుగు గళ్లుంటాయి: ప్రభుత్వం వాది, ప్రభుత్వం ప్రతివాది, ఫెడరల్ క్వశ్చన్ (ఫెడరల్ చట్టం లేదా రాజ్యాంగం మీద నడిచే వివాదం), డైవర్సిటీ (వేర్వేరు రాష్ట్రాల పౌరుల మధ్య వివాదం). ఆయన మూడో గడిలో టిక్కు పెట్టి, పెన్ను సరిగా పడలేదేమోనని మళ్లీ దిద్దారు. కింద దావా ఏ రకానిదో చెప్పమనే పెద్ద పట్టికలో 440, అంటే ఇతర పౌర హక్కులు, ఎంచుకున్నారు. "ఓడల కేసులకు కోడుంది, పేటెంట్లకు ఉంది, సోషల్ సెక్యూరిటీకి ఉంది. కస్టడీకి మాత్రం ఎక్కడా లేదేమిటమ్మా?" అని అడిగారు. ఆయన అడిగిన ప్రశ్నలోనే జవాబు ఉంది.

మనవాళ్ల తికమకకు మూలం మన దేశపు న్యాయవ్యవస్థే అని నా అభిప్రాయం. మనకు కోర్టులంటే ఒకే నిచ్చెన: జిల్లా కోర్టు, దాని పైన హైకోర్టు, ఆ పైన సుప్రీంకోర్టు. ఆ లెక్కన రాష్ట్రం కంటే కేంద్రం పెద్దది కాబట్టి ఫెడరల్ కోర్టు కూడా పై మెట్టే అనుకుంటారు. ఇక్కడ ఉన్నవి పక్కపక్కనే నిలబెట్టిన రెండు నిచ్చెనలు. ఆ రెండూ కలిసేది వాషింగ్టన్‌లోని సుప్రీంకోర్టు దగ్గర మాత్రమే. దీనికి తోడు టెక్సాస్‌లో పేర్లు కూడా మనల్ని మోసం చేస్తాయి. విడాకులు, కస్టడీ విచారించే రాష్ట్ర కోర్టు పేరు డిస్ట్రిక్ట్ కోర్టు, ఫెడరల్ వ్యవస్థలో అట్టడుగు మెట్టు పేరూ డిస్ట్రిక్ట్ కోర్టే. ఆయన డిక్రీ ఇచ్చినదీ, ఆయన వెళ్లాలనుకుంటున్నదీ పేరుకు ఒకటే అయినా ఒకదాని మీద మరొకదానికి అధికారం లేదు.

కుటుంబ తగవులకు ఫెడరల్ కోర్టులు దూరంగా ఉండడం ఇప్పటిది కాదు. 1859లో బార్బర్ అనే దంపతుల కేసులో, న్యూయార్క్ కోర్టు మంజూరు చేసిన భరణం ఎగ్గొట్టి విస్కాన్సిన్‌లో స్థిరపడిన భర్త మీద భార్య ఫెడరల్ కోర్టుకు వెళ్లింది. సుప్రీంకోర్టు ఆమెనే గెలిపించింది, కానీ విడాకులు ఇవ్వడం, భరణం నిర్ణయించడం మాత్రం ఫెడరల్ కోర్టుల పని కాదని అదే తీర్పులో ఒక మాట అన్నది. ఫలితానికి అవసరం లేని ఆ మాటే తరవాత సిద్ధాంతమై కూర్చుంది. 1890 నాటి బరస్ కేసు ఇంకా విచిత్రమైనది. నెబ్రాస్కాలో తాతగారింట పెరుగుతున్న పాపను తండ్రికి అప్పగించమని ఫెడరల్ జడ్జి ఆదేశించాడు. తాత ఆ ఆదేశాన్ని ధిక్కరించి పాపను తిరిగి తీసుకుపోయాడు. జడ్జి ఆయనను జైలుకు పంపాడు. సుప్రీంకోర్టు తాతను విడిపించింది. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు అనే వ్యవహారమంతా రాష్ట్రాల చట్టాలకు చెందినదే కానీ అమెరికా ఫెడరల్ చట్టాలకు కాదని, అధికారమే లేని ఆదేశాన్ని ధిక్కరించినందుకు శిక్ష చెల్లదని చెప్పింది.

కుటుంబ వ్యవహారాలను ఫెడరల్ కోర్టుల పరిధి నుంచి తప్పించే ఈ మినహాయింపు ఎంతవరకు వర్తిస్తుందో 1992లో యాంకెన్‌బ్రాంట్ కేసు తేల్చింది. మిస్సోరీలో ఉంటున్న తల్లి తన ఇద్దరు కూతుళ్ల తరఫున, వాళ్లను హింసించారంటూ తండ్రి మీదా, అతనితో ఉంటున్న స్త్రీ మీదా లూసియానా ఫెడరల్ కోర్టులో నష్టపరిహారం దావా వేసింది. ఇది కుటుంబ వ్యవహారమంటూ కింది కోర్టులు కొట్టేశాయి. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. విడాకులు, భరణం, పిల్లల కస్టడీ డిక్రీలు ఇవ్వడం మాత్రమే మినహాయింపు కిందికి వస్తాయని, జరిగిన హానికి డబ్బు అడిగే దావా ఆ మూడింటిలో ఏదీ కాదని తేల్చింది. ఈ మినహాయింపును రాజ్యాంగం విధించలేదనీ, డైవర్సిటీ చట్టాన్ని కాంగ్రెసు, అంటే అమెరికా పార్లమెంటు, సవరిస్తూ వచ్చిన తీరులోంచే అది నిలిచిందనీ కూడా ఒప్పుకుంది. నాకు ఈ తీర్పులో నచ్చేది దాని లౌక్యం: పాత సిద్ధాంతానికి పునాది పలచనిదని తెలిసి కూడా దాన్ని పడగొట్టకుండా, హద్దు రాయి మాత్రం సరైన చోట పాతింది. కస్టడీ అంటే ఒక రోజు తీర్పుతో ముగిసేది కాదు, బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండే వరకు మార్పులు, చేర్పులు, సోషల్ వర్కర్ల నివేదికలు నడుస్తూనే ఉంటాయి. ఆ యంత్రాంగం రాష్ట్ర కోర్టుల దగ్గరే ఉంది.

అయితే యాంకెన్‌బ్రాంట్ తెరిచిన ఆ తలుపు మనవాళ్లలో చాలామందికి వేరే కారణం వల్ల మూసుకుపోతుంది. డైవర్సిటీ కింద వెళ్లాలంటే వివాదం విలువ 75,000 డాలర్లు దాటాలి, ఇరుపక్షాలు వేర్వేరు రాష్ట్రాల పౌరులై ఉండాలి, లేదా ఒకరు అమెరికా రాష్ట్ర పౌరులు, రెండోవారు విదేశీయులై ఉండాలి. భర్త హెచ్1బీ మీద టెక్సాస్‌లో, భార్య హెచ్4 మీద న్యూజెర్సీలో ఉంటే ఇద్దరూ భారత పౌరులే కాబట్టి డైవర్సిటీ లేదు. ఇద్దరికీ గ్రీన్ కార్డు ఉన్నా అంతే. ఒకరు అమెరికా పౌరసత్వం తీసుకుని హైదరాబాదులో శాశ్వతంగా స్థిరపడితే వాళ్లు ఏ రాష్ట్రానికీ చెందరు కాబట్టి వాళ్ల విషయంలోనూ ఈ దారి ఉండదు. ఇది విన్నవాళ్లు నమ్మలేనట్టు చూస్తారు.

ఇక మా ఆఫీసుకు వచ్చినాయన ఎంచుకున్న దారి, అంటే ఫెడరల్ క్వశ్చన్. బిడ్డను పెంచుకోవడం రాజ్యాంగం కాపాడే హక్కు, ఆ హక్కును జడ్జి హరించాడు, కాబట్టి ప్రభుత్వాధికారంతో హక్కులు హరించినవాళ్ల మీద దావా వేయనిచ్చే ఫెడరల్ చట్టం సెక్షన్ 1983 కింద పౌర హక్కుల దావా అని వాదన. వాట్సాప్‌లో ఎవరో పంపిన నమూనా దావాలో పేర్లు మార్చి తెచ్చారు. ఆ నమూనాను నేను ఇప్పటికి కనీసం నాలుగు సార్లు చూశాను. హక్కు నిజమైనదే. కానీ ఫెడరల్ జడ్జి మొదట చూసేది హక్కు పేరు కాదు, నువ్వు నన్నేం చేయమంటున్నావు అన్నది. రాష్ట్ర కోర్టు తీర్పును రద్దు చేయమంటే రూకర్-ఫెల్డ్‌మన్ సిద్ధాంతం అడ్డు వస్తుంది. 1923లోనూ 1983లోనూ వచ్చిన రెండు తీర్పుల పేర్లు కలిపి పెట్టిన ఈ సిద్ధాంతం ప్రకారం, రాష్ట్ర కోర్టులో ఓడినవాళ్లు ఆ తీర్పు వల్లే నష్టపోయామంటూ దాన్ని సరిదిద్దమని ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టును అడగకూడదు. దీన్ని మరీ విస్తరించి వాడుతున్నారని 2005లో ఎక్సాన్ మొబిల్ కేసులో సుప్రీంకోర్టు కుదించింది కానీ, ఆ కుదించిన పరిధిలోకి కూడా ఈ నమూనా దావా నేరుగా వచ్చి పడుతుంది. రాష్ట్రంలో కేసు ఇంకా నడుస్తుంటే, అందులో ఫెడరల్ కోర్టు మామూలుగా వేలు పెట్టకూడదన్న 1971 నాటి యంగర్ తీర్పు అడ్డు. 1979లో మూర్ వర్సెస్ సిమ్స్ అనే టెక్సాస్ కేసులోనే, హింసకు గురవుతున్నారన్న అనుమానంతో రాష్ట్రం పిల్లలను తీసుకెళితే తల్లిదండ్రులు ఫెడరల్ కోర్టులో గెలిచారు. సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో ఆ గెలుపును తిప్పికొట్టి, ముందు రాష్ట్ర కోర్టులోనే చెప్పుకోమంది.

డబ్బే అడుగుదామంటే, తీర్పు చెప్పిన జడ్జికి న్యాయాధికార రక్షణ ఉంటుంది, అంటే తీర్పు చెప్పినందుకు ఆయన మీద నష్టపరిహారం దావా నడవదు. మాజీ భార్యా, ఆమె లాయరూ ప్రభుత్వం తరఫున పనిచేసేవాళ్లు కారు కాబట్టి సెక్షన్ 1983 మామూలుగా వాళ్లకు తగలదు. మిగిలేది, ఆదేశం లేకుండా ఇంట్లోకి వచ్చి బిడ్డను తీసుకుపోయిన ప్రభుత్వ ఉద్యోగి లాంటివాళ్లు. అలాంటి దావాలు నిజంగానే నడుస్తాయి, కానీ ఈయన కేసులో అలాంటివాళ్లు ఎవరూ లేరు.

రెండు రాష్ట్రాలు రెండు రకాల ఆదేశాలు ఇస్తేనో? ఆ చిక్కును విప్పడానికే 1980లో కాంగ్రెసు చట్టం చేసింది. అయినా 1988లో థాంప్సన్ కేసులో, కాలిఫోర్నియా ఆదేశం ఒకటి, లూసియానా ఆదేశం ఒకటి పట్టుకుని ఏది చెల్లుతుందో తేల్చమని వచ్చిన తండ్రితో, ఆ చట్టం ఫెడరల్ కోర్టుకు వచ్చే హక్కు ఇవ్వలేదని సుప్రీంకోర్టు చెప్పింది. బిడ్డ ఆరు నెలలుగా ఎక్కడ ఉందన్న లెక్కతో రాష్ట్రాలే తమలో తాము తేల్చుకుంటాయి.

తెరిచి ఉన్న తలుపు ఒకటి మాత్రం పెద్దది: అంతర్జాతీయ అపహరణ. 1980 నాటి హేగ్ ఒప్పందం కింద, బిడ్డను మరో సభ్యదేశం నుంచి అక్రమంగా అమెరికాకు తెచ్చారంటే ఫెడరల్ కోర్టులో నేరుగా పిటిషన్ వేయవచ్చు. అక్కడ కూడా బిడ్డ ఎవరికి దక్కాలో తేల్చరు, ఏ దేశపు కోర్టు తేల్చాలో మాత్రమే చెప్తారు. అయితే భారతదేశం ఆ ఒప్పందంలో చేరలేదు. కాబట్టి డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి విజయవాడకు తీసుకెళ్లినా, విజయవాడ నుంచి ఫ్రిస్కోకు తెచ్చినా ఈ దారి పనికిరాదు. అక్కడి హైకోర్టులో హెబియస్ కార్పస్ (బిడ్డను కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్), ఇక్కడ రాష్ట్ర కోర్టు, అంతే.

ఇవన్నీ విని ఆయన, "అయితే రాజ్యాంగం నాకు లేనట్టేనా?" అన్నారు. లేకపోవడం కాదు. తల్లి వేరే జాతి మనిషితో ఉంటోందని ఆమె నుంచి బిడ్డను తీసేసిన ఫ్లోరిడా తీర్పును 1984లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. 2000లో తాతానాయనమ్మల సందర్శన హక్కు కేసులో తల్లి మాటకు విలువ ఇవ్వాల్సిందేనంది. ఆ రెండు కేసులూ రాష్ట్ర కోర్టుల మెట్లు ఒక్కొక్కటీ ఎక్కే అక్కడికి చేరాయి. మొదటి మెట్టు మీదే రాజ్యాంగం మాట ఎత్తి రికార్డులో పెట్టించాలి, తీర్పు వచ్చాక గడువు తప్పకూడదు.

గడువు అనగానే డిక్రీ చివరి పేజీ తిప్పి జడ్జి సంతకం కింద తేదీ చూశాను. టెక్సాస్‌లో సంతకం చేసిన రోజు నుంచి మామూలుగా 30 రోజుల్లో అప్పీలు నోటీసు వేయాలి. ఫెడరల్ కోర్టుకు కట్టాల్సిన 405 డాలర్ల ఫీజు సర్దుకోవడంలో, నమూనా దావా దిద్దుకోవడంలో ఆయనకు 23 రోజులు గడిచిపోయాయి. మా లాయరు గారు లోపలి నుంచి వచ్చి, డిక్రీ చదివి, అప్పీలు గెలవడం తేలిక కాదని మొహం మీదే చెప్పి, అయినా వేస్తారా అని అడిగారు. ఆయన వేస్తానన్నారు. నోటీసు ఆ సాయంత్రమే ఫైలైంది. జేఎస్ 44 ఫారం మాత్రం నా బల్ల మీదే మరిచిపోయి వెళ్లారు.