మావయ్యగారి కిటికీలో వీధిలైటు

బుధవారం, ఏప్రిల్

పొద్దున్న కాఫీ ఇస్తుంటే మావయ్యగారు "రాత్రి మళ్ళీ మూడింటికే మెలకువొచ్చేసిందమ్మా" అన్నారు. ఆయన గది వీధి వైపు. కిటికీకి సరిగ్గా ఎదురుగా కరెంటు స్తంభం, దానికి తెల్లటి ఎల్ఈడీ లైటు. కిటికీ మూస్తే ఉక్కపోత, తీస్తే గదంతా వెలుతురు. ఏప్రిల్లో సముద్రపు గాలి వదులుకుని పడుకోమని విశాఖలో ఎవరికి చెప్పగలం? మందపాటి కర్టెన్ వేస్తే గాలి కూడా ఆగిపోతుంది. ఏసీ పెట్టిద్దామంటే, వీధిలైటు కోసం నేను కరెంటు బిల్లు కట్టాలా అంటారు. న్యాయమే.

ఆయన స్టీల్ ప్లాంటులో రిటైరయ్యారు. సర్వీసులో సగం నైట్ షిఫ్టులే. పగలు నిద్రపోవడం అలవాటైంది గానీ ఒంటికి ఎప్పుడూ పట్టలేదంటారు. శరీర గడియారాన్ని తారుమారు చేసే రాత్రి షిఫ్టులను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లో 'బహుశా క్యాన్సర్ కారకం' అన్న వర్గంలో పెట్టింది. 2019లో మళ్ళీ పరిశీలించి అక్కడే ఉంచింది. ఇది మాత్రం ఆయనకి చెప్పలేదు. ఇప్పుడు చెప్తే టెన్షన్ తప్ప ఏముంటుంది?

హుద్‌హుద్ ముందు మా వీధిలో పసుపు రంగు సోడియం లైట్లుండేవి. 2014 అక్టోబరు 12న ఆ తుఫాను స్తంభాలతో సహా కూల్చేసింది. కరెంటు లేని ఆ రోజుల్లో డాబా మీద చాపేసుకుని పడుకుంటే ఆకాశం నిండా చుక్కలు కనిపించాయని మావయ్యగారు ఇప్పటికీ చెప్తారు. నాకైతే గుర్తున్నది బిందెలు పట్టుకుని నిలబడ్డ నీళ్ళ క్యూ. తర్వాత ఊరంతా ఎల్ఈడీలు వచ్చాయి. కరెంటు ఖర్చు తగ్గింది, మంచిదే. చిక్కంతా ఆ తెలుపు రంగుతో. తెల్ల ఎల్ఈడీ లోపల అసలు వెలిగేది నీలి చిప్పు, దాని మీద పసుపు పూత పూసి తెల్లగా చేస్తారు. మన కంట్లో బొమ్మలు చూడటంతో పెద్దగా పని లేని కణాలు కొన్ని ఉంటాయి. పగలా రాత్రా అన్నది మెదడుకి చెప్పడమే వాటి ముఖ్యమైన పని. నీలి వెలుగు తగిలితే అవి పగలనే చెప్తాయి, నిద్రకి సిద్ధం చేసే మెలటోనిన్ తగ్గిపోతుంది. అందుకే వీధిలైట్లు 3000 కెల్విన్ దాటని వెచ్చటి రంగులో, అంటే పసుపు ఛాయలో, ఉండాలని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2016లో సూచించింది.

మావయ్యగారికి షుగర్ ఉంది కాబట్టి నన్ను ఎక్కువ కలవరపెట్టింది 2022లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన అధ్యయనం. 100 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) వెలుతురులో ఒక్క రాత్రి పడుకున్న ఆరోగ్యవంతులైన చిన్న వయసు వాళ్ళకే నిద్రలో గుండె వేగం పెరిగింది, మర్నాటికి ఇన్సులిన్ పనితీరు తగ్గింది. మా కిటికీలోంచి పడేది అంత ఉండదనుకోండి. నిజం చెప్పాలంటే వీధిలైటు కన్నా ముందు మా హాల్లో పదకొండింటిదాకా వెలిగే ట్యూబులైటుని, ఆయన మొహానికి ఆనించుకుని చూసే ఫోన్లో రాజకీయ చర్చల్ని అనాలి. ఆ మాటంటే ఆయనకి చెవుడొస్తుంది.

చీకటంటే నాకేమీ ముచ్చట లేదు. ఈ రోజు కూడా ఆఫీసులో ఆలస్యమై, మద్దిలపాలెంలో బస్సు దిగి సందులోకి తిరిగేసరికి ఆ తెల్ల లైటు చూశాకే ఊపిరి పీల్చుకున్నాను. నాకు వెలుగు కావలసింది కాళ్ళ కింద. స్తంభం మీద లైటు తల పైకెత్తి ఉంటే సగం వెలుతురు ఎదుటి మేడల పడకగదుల్లోకే పోతుంది. బీచ్ రోడ్డులోనూ ఇదే గోల. ఇసుకలో పొదిగిన ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు వెలుతురున్న వైపే సముద్రం అనుకుని రోడ్డు వైపు పాకుతాయి. వాటి కోసం అటవీ శాఖ గుడ్లు ఏరి హేచరీల్లో పెట్టి, పిల్లల్ని నీళ్ళ దగ్గర వదులుతోంది. తాబేళ్ళకున్నపాటి పలుకుబడి మా వీధికి లేదు.

సాయంత్రం పక్క వీధిలో పని చేస్తున్న లైన్‌మేన్‌ని అడిగాను. "తీసేయమంటే కుదరదండి, కిందికి వంచొచ్చు. వార్డు సచివాలయంలో ఒక అర్జీ ఇవ్వండి" అన్నాడు. మావయ్యగారికి అంతకన్నా ఏం కావాలి? ప్లాంటులో మెమోలు రాసిన చెయ్యి. భోజనం కాగానే 'విషయము' అని కింద గీత గీసి మొదలుపెట్టారు. రెండో పేజీలోకి వెళ్ళాక, ఆధార్ జిరాక్స్ కూడా జత చేయాలేమో కనుక్కోమన్నారు.